పదహారో నెల సూది

టీకాలు వచ్చి ఇన్నేళ్ళయినా పిల్లలకు తట్టు ఇంకా ఎందుకు వస్తోందని అడిగితే, చదువుకున్నవాళ్ళలో చాలామంది ఒకే జవాబు చెబుతారు. జనానికి సూదంటే భయం, వాట్సాప్ పుకార్లు, మూఢనమ్మకాలు అని. ఈ జవాబు నాకు ఎప్పుడూ పూర్తిగా మింగుడుపడలేదు. మన వైపు సూది వద్దని తలుపేసుకునే తల్లిని నేను పెద్దగా చూడలేదు. తొమ్మిదో నెలలో బిడ్డను చంకనేసుకుని సబ్ సెంటర్‌కి వెళ్ళి, ఎండలో నిలబడి వేయించి, వారం పది రోజులకు ఒళ్ళు వెచ్చబడితే సిరప్ పట్టి, ఆ తర్వాత టీకాల కార్డును బీరువాలో చీరల కింద పెట్టేసిన తల్లులనే చూశాను. తట్టు సూది అయిపోయిందని వాళ్ళ నమ్మకం. నిజానికి సగమే అయింది.

ఈ వ్యాసమంతా ఆ రెండో సగం గురించే. తట్టు మన పిల్లల్ని ఇంకా వదలకపోవడానికి టీకా వద్దనేవాళ్ళ కంటే ఒక్కసారి వేయించి ఊరుకున్నవాళ్ళే పెద్ద కారణమని నా వాదన. ఊరుకున్నందుకు తప్పు వాళ్ళదేనని మాత్రం అనలేను. ఎందుకో కింద చెబుతాను.

ముందు జబ్బు సంగతి. కొన్ని చోట్ల తట్టు అంటారు, కొన్ని చోట్ల పొంగు అంటారు, పెద్దవాళ్ళు అమ్మవారు పోసిందంటారు, డాక్టరు మీజిల్స్ అని రాస్తాడు. వైరస్ ఒంట్లో చేరాక పది పన్నెండు రోజులు ఏమీ తెలియదు. తర్వాత జ్వరం మొదలవుతుంది. దాంతోపాటు పొడి దగ్గు, కారే ముక్కు, వెలుతురు చూడలేని ఎర్రటి కళ్ళు. అప్పటికి ఎవరైనా దీన్ని రొంప అనే అనుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో బుగ్గల లోపలివైపు ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. 1896లో హెన్రీ కోప్లిక్ అనే న్యూయార్క్ పిల్లల డాక్టరు వీటిని వివరంగా రాశాడు కాబట్టి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ఆ తర్వాతే చెవుల వెనక, నుదుటి మీద ఎర్రటి దద్దుర్లు మొదలై, ముఖం నుంచి మెడకు, ఒంటికి, కాళ్ళకు దిగుతాయి. అయిదారు రోజులుండి, వచ్చిన దారినే మాయమవుతాయి. ఒంటి మీద ఎర్రగా లేచిందల్లా తట్టు కాదు. రుబెల్లా, డెంగీ, మందులు పడకపోవడం, పసిపిల్లలకు వచ్చే మామూలు వైరల్ జ్వరాలు, అన్నిట్లోనూ దద్దుర్లు వస్తాయి. "టీకా వేయించినా మావాడికి తట్టు వచ్చింది" అనే కథల్లో చాలావాటికి రక్తపరీక్ష జరిగి ఉండదు.

ఇక మన ఇళ్ళలో జరిగేది చూడండి. దద్దుర్లు కనిపించగానే గుమ్మానికి వేపమండలు కడతారు. మంచం మీద వేపాకు పరుస్తారు. పొరుగువాళ్ళను రానివ్వరు, బిడ్డను బయటికి పంపరు. తాలింపు వాసన తగలకూడదని పోపు మానేస్తారు, నీచు వండరు. తగ్గాక మంచిరోజు చూసి వేపాకు వేసి కాచిన నీళ్ళు పోస్తారు. దీన్ని చూసి నవ్వే చదువరులంటే నాకు చిరాకు. వైరస్ అన్న మాటే పుట్టకముందు, జబ్బుపడ్డ బిడ్డను ఊరి నుంచి వేరుగా ఉంచాలని కనిపెట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కారు. గుమ్మానికి ఉన్న వేపమండ చూసి పక్కింటి బాలింత లోపలికి రాకుండా ఆగిపోయిందంటే అది చిన్న మేలు కాదు.

చిక్కు ఎక్కడంటే, తట్టు అంటుకోవడం మొదలయ్యేది దద్దుర్లకు నాలుగు రోజుల ముందు. దద్దుర్లు వచ్చాక ఇంకో నాలుగు రోజులుంటుంది. అంటే గుమ్మానికి మండ కట్టే సరికే సగం గడువు గడిచిపోయింది. ఆ నాలుగు రోజులూ బిడ్డ దగ్గుతూ అంగన్‌వాడీలో కూర్చుంది, ఆటోలో వెళ్ళింది, మేనమామ పెళ్ళికి వెళ్ళి వచ్చింది. ఈ వైరస్ గాలిలో వెళుతుంది. జబ్బుపడ్డ బిడ్డ గదిలోంచి వెళ్ళిపోయినా రెండు గంటల వరకూ ఆ గాలిలో ఉండగలదు. రక్షణ లేని పదిమంది పిల్లలు దగ్గరగా ఉంటే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. రక్షణ ఎవరికీ లేని ఊళ్ళో ఒక్క బిడ్డ నుంచి 12 నుంచి 18 మందికి పాకుతుందని అంచనా. కోవిడ్ మొదట్లో ఒకరి నుంచి ఇద్దరు ముగ్గురికి పాకితేనే మనం ఇంటి తలుపులు మూసుకుని కూర్చున్నాం. ఇంత వేగంగా అంటుకునే జబ్బును దద్దుర్లు చూశాక ఆపలేం. ఆపేదేదో అంతకు ముందే ఒంట్లో ఉండాలి.

"ఒకసారి వచ్చిపోతే మళ్ళీ రాదు, వస్తే రానీ" అనే మాట కూడా మన ఇళ్ళలో వినిపిస్తుంది. అందులో మొదటి సగం నిజం. 1846లో డెన్మార్క్ పాలనలో ఉన్న ఫారో దీవులకు తట్టు వచ్చింది. అక్కడి జనాభా ఎనిమిది వేల లోపు, అందులో దాదాపు ఆరు వేల మంది మంచాన పడ్డారు. పీటర్ పానమ్ అనే కుర్ర డాక్టరును ప్రభుత్వం పంపితే, అతను ఇల్లిల్లూ తిరిగి ఒక విచిత్రం గమనించాడు. 1781లో అక్కడ తట్టు వచ్చినప్పుడు పడ్డవాళ్ళు, అప్పటికి బతికున్న ముసలివాళ్ళు, ఒక్కరికి కూడా మళ్ళీ రాలేదు. అరవై అయిదేళ్ళ తర్వాత కూడా వాళ్ళ ఒళ్ళు ఆ జబ్బును మరిచిపోలేదన్నమాట. మన అమ్మమ్మలు ఏ దీవికీ వెళ్ళకుండానే ఇదే చెప్పారు.

"వస్తే రానీ" అన్న రెండో సగం దగ్గరే ఒప్పుకోలేను. తట్టు తనను గుర్తుపెట్టుకునేలా చేస్తుంది గానీ, మిగతా జబ్బుల జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. మన రక్షణ వ్యవస్థలో పాత జబ్బులను గుర్తుపెట్టుకునే కణాలనే ఈ వైరస్ వెతికి పట్టుకుని చంపుతుంది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించని పిల్లల రక్తాన్ని తట్టు రాకముందు, వచ్చాక పరీక్షించి 2019లో ఫలితాలు బయటపెట్టారు. అప్పటిదాకా ఆ పిల్లలు కూడబెట్టుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయి. బిడ్డ రెండు మూడేళ్ళు జలుబులు, విరేచనాలు, చెవిపోట్లు పడి సంపాదించుకున్నది చాలావరకు తుడిచిపెట్టుకుపోవచ్చు. తట్టు తగ్గిన నెలల తర్వాత న్యుమోనియాతోనో విరేచనాలతోనో పోయిన బిడ్డను ఎవరూ తట్టు లెక్కలో రాయరు. "అమ్మవారు పోసినప్పటి నుంచీ బిడ్డ కోలుకోలేదమ్మా" అని ముసలమ్మలు అనేది దీన్నే. వాళ్ళు చూసింది సరిగ్గానే చూశారు.

ఇంకొకటుంది, చెప్పడానికి కూడా కష్టంగా ఉండేది. రెండేళ్ళలోపు తట్టు వచ్చి, పూర్తిగా తగ్గిపోయి, బడికి వెళుతున్న పిల్లల్లో కొద్దిమందికి ఏడెనిమిదేళ్ళ తర్వాత చదువులో వెనకబడటం, మాటిమాటికీ ఉలిక్కిపడినట్టు ఒళ్ళు జర్కులివ్వడం మొదలవుతుంది. మెదడులో ఇన్నాళ్ళూ దాక్కున్న వైరస్ పని అది. ఎస్ఎస్‌పీఈ అంటారు. నయం చేసే మందు లేదు. అరుదైన జబ్బే, కానీ మన దేశంలో న్యూరాలజీ వార్డుల్లో పనిచేసినవాళ్ళకు కొత్త పేరు కాదు.

వైద్యం దగ్గరికి వద్దాం. తట్టు వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ లేదు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. న్యుమోనియా, చెవిలో చీము లాంటివి తోడైతేనే డాక్టరు ఇస్తాడు. జ్వరానికి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. విరేచనాలైతే ఓఆర్ఎస్. తల్లిపాలు తాగే బిడ్డకు ఎక్కువసార్లు పాలు. కళ్ళు ఊసికడితే కాచి చల్లార్చిన నీళ్ళతో, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. కాటుక, ఆకుపసరు, పాలచుక్కలు కంట్లో వేయకూడదు. తట్టు వల్ల కంటికి జరిగే చేటే చాలు, దానికి మనం కూడా ఒక చెయ్యి వేయనక్కర్లేదు.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి విటమిన్ ఏ. తట్టు వచ్చిన బిడ్డ ఒంట్లో విటమిన్ ఏ నిల్వ పడిపోతుంది. కంటి చూపు పోవడానికీ, ఊపిరితిత్తుల పొర దెబ్బతినడానికీ దారి అక్కడే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తట్టు వచ్చిన ప్రతి బిడ్డకూ వరుసగా రెండు రోజులు, రోజుకొకటి చొప్పున రెండు డోసులు ఇవ్వాలంటుంది. ఆరు నెలలలోపు వాళ్ళకు డోసుకు 50 వేల యూనిట్లు, ఆరు నుంచి పదకొండు నెలల వాళ్ళకు లక్ష, ఏడాది దాటితే 2 లక్షలు. కంట్లో తేడా కనిపిస్తే కొన్ని వారాల తర్వాత మూడో డోసు. పీహెచ్‌సీలో దొరికే చవకైన మందు ఇది. తట్టు అని తేలాక డాక్టరు మరిచిపోతే మీరే అడగండి, మొహమాటం వద్దు. అయితే మెడికల్ షాపులో కొని ఇంట్లో పోయకండి. 2025లో అమెరికాలోని పశ్చిమ టెక్సాస్‌లో తట్టు పాకినప్పుడు, టీకాకు బదులు పనికొస్తుందని కాడ్ లివర్ ఆయిల్, విటమిన్ ఏ సొంతంగా పట్టించిన కొందరు పిల్లలు కాలేయం దెబ్బతిన్న లక్షణాలతో లబ్బక్ ఆస్పత్రికి వచ్చారు. ఎక్కువైతే విషమయ్యే విటమిన్ అది. పైగా అది జబ్బు రాకుండా ఆపదు.

పథ్యం విషయంలో నేను పెద్దవాళ్ళతో గట్టిగానే పోట్లాడతాను. వేపమండలు కట్టండి, ఒద్దనను. అమ్మవారికి మొక్కుకోండి, చద్ది నైవేద్యం పెట్టండి. బిడ్డను మాత్రం మాడ్చకండి. నోరు పూసి, మింగలేక, నాలుగు రోజుల్లో సగమైపోయిన బిడ్డకు ఉప్పూ కారం లేని జావ తప్ప ఏమీ పెట్టకూడదంటే ఎక్కడి నుంచి కోలుకుంటుంది? గుడ్డు, పాలు, పప్పు, మెత్తగా ఉడికించిన ఆకుకూర, బొప్పాయి, సీజనైతే మామిడిపండు. ఇవి పెడితే అమ్మవారికి కోపమొస్తుందని నాకు ఎవరూ నమ్మకంగా చెప్పలేకపోయారు. మా పెద్దమ్మతో ఈ వాదన ఒకసారి చాలాసేపు నడిచింది. చివరికి, "ఆవిడ కూడా తల్లేగా, తిననిస్తుందిలే" అని ఆవిడే తేల్చేసింది. నేను ఇన్ని మాటలు చెప్పినా రాని పరిష్కారం.

పోట్లాడకుండా చూసుకోవాల్సింది ఊపిరి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ చూసి ఒక నిమిషం లెక్కపెట్టండి. ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఏడాది నుంచి అయిదేళ్ళ బిడ్డ 40 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి పీలుస్తుంటే, డొక్కలు లోపలికి గుంజుతుంటే, ఆస్పత్రికి బయల్దేరాలి. తాగలేకపోయినా, తాగిందంతా కక్కేసినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, కంటిపాప మసకబారినా అంతే. తట్టు వచ్చి చనిపోయే పిల్లల్లో ఎక్కువమంది పోయేది న్యుమోనియాతోనే. దద్దుర్లు లోపలికి పోయాయా పైకి వచ్చాయా అని చర్మం చూస్తూ కూర్చునే ఇంట్లో ఊపిరి లెక్కపెట్టేవాళ్ళు ఉండరు.

ఇప్పుడు నా అసలు గొడవకు వస్తాను.

తొమ్మిదో నెల నిండాక వేసే మొదటి డోసు నూటికి సుమారు 85 మంది పిల్లల్లో పనిచేస్తుంది. మిగిలిన పదిహేను మందిలో పనిచేయదు. మందు నాసిరకమై కాదు, ఏఎన్ఎం చెయ్యి మంచిది కాకా కాదు. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి చేరిన యాంటీబాడీలు కొందరు పిల్లల్లో అప్పటికి ఇంకా మిగిలి ఉంటాయి. టీకాలో ఉండేది బలం తగ్గించిన, ప్రాణమున్న వైరస్. అది ఒంట్లో కాస్త పెరిగితేనే బిడ్డ రక్షణ వ్యవస్థ దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. తల్లి యాంటీబాడీలు దాన్ని వచ్చీరాగానే మట్టుపెడితే నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. ఏడాది నిండాక వేస్తే ఈ ఇబ్బంది తగ్గి 93 శాతం దాకా పనిచేస్తుంది. అమెరికాలో పన్నెండు నెలలు దాటాకే వేసేది అందుకే. మన దగ్గర అంతదాకా ఆగితే ఈలోపే జబ్బు పట్టుకునే పసివాళ్ళు ఎక్కువ, ప్రాణాపాయం కూడా వాళ్ళకే ఎక్కువ. కాబట్టి కొంత నష్టం ఒప్పుకుని తొమ్మిదో నెలలో మొదలుపెట్టి, ఆ తప్పిపోయినవాళ్ళను 16 నుంచి 24 నెలల మధ్య రెండో డోసుతో పట్టుకుంటారు. రెండూ పడ్డ పిల్లల్లో 97 శాతం మందికి రక్షణ ఉంటుంది.

ఆ పదిహేను మంది ఎవరో పైకి చూస్తే తెలియదు. మీ బిడ్డే కావచ్చు. మొదటి సూది వేయించిన కార్డు మీద సంతకం, ముద్ర అన్నీ ఉంటాయి, ఒంట్లో రక్షణ ఉండదు. కాబట్టి రెండో సూదిని పాత రక్షణకు అదనపు బలం అనుకోకండి. కొందరు పిల్లలకు నిజానికి అదే మొదటిది.

కాగితం మీద ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఊళ్ళో వందమంది పిల్లలున్నారు, తొంభైమందికి మొదటి డోసు వేశారు. తొంభై అంటే ఏ అధికారైనా మెచ్చుకునే అంకె. వాళ్ళలో 85 శాతానికి పనిచేస్తే రక్షణ ఉన్నది డెబ్భై ఆరుగురికి. ఇరవై నలుగురు ఖాళీగా ఉన్నారు. తట్టు పాకకుండా ఆగాలంటే వందకు 95 మందికి రక్షణ ఉండాలి. అంటే మెచ్చుకున్న ఊళ్ళోనే తట్టుకు కావాల్సినంత చోటు ఉంది. పైగా తొమ్మిది నెలలలోపు పసివాళ్ళు ఈ లెక్కలోకే రాలేదు, వాళ్ళకు చుట్టూ ఉన్న పిల్లల రక్షణే దిక్కు.

మరి ఒక్కటి చాలని జనం ఎందుకనుకుంటారు? ఎందుకంటే పాతికేళ్ళపాటు ప్రభుత్వమే ఒక్కటి వేసింది. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైనప్పుడు తట్టుకు ఒకే డోసు. రెండోది 2010లో మొదలై క్రమంగా అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. 2017లో రుబెల్లాను కూడా కలిపి ఎంఆర్ టీకా తెచ్చి, తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ దాకా పిల్లలందరికీ బళ్ళలో, అంగన్‌వాడీల్లో, ఆరోగ్య కేంద్రాల్లో వేశారు. మన రెండు రాష్ట్రాల్లో అది ఆ ఏడాది ఆగస్టులో జరిగింది. ఇవాళ మనవల్ని ఎత్తుకుంటున్న అమ్మమ్మలు తమ పిల్లలకు ఒక్కటే వేయించారు, ఇవాళ తల్లులైన చాలామందికి చిన్నప్పుడు పడింది ఒక్కటే. వాళ్ళ అనుభవం వాళ్ళకు అదే చెబుతుంది.

మా చెల్లెలి కాన్పు పుట్టింట్లో, నరసరావుపేటలో జరిగింది. కార్డు అక్కడే రాశారు, మొదటి డోసుదాకా అక్కడే. పాపకు ఏడాది నిండాక హైదరాబాదు వెళ్ళిపోయారు. పదహారో నెల వచ్చేసరికి నరసరావుపేట ఏఎన్ఎం జాబితాలో పాప ఊళ్ళో లేదు, హైదరాబాదు జాబితాలో అసలు పేరే లేదు. ఫోన్‌లో గుర్తుచేస్తే మా అమ్మ అడ్డుపడింది. "ఇక్కడ వేయించాంగదే, మళ్ళీ ఎందుకు పిల్లకి జ్వరం తెప్పించడం?" అని. చెల్లెలు రెండు రోజులు వాదించి వేయించింది. తొలి కాన్పు పుట్టింట్లో అన్న మన ఆచారం ఎంత మంచిదైనా టీకాల జాబితాలకు మాత్రం పెద్ద పరీక్ష. ఉద్యోగాలున్న ఇళ్ళలోనే ఇలా ఉంటే, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిర్చి కోతలకు నెలల తరబడి వచ్చే కుటుంబాల సంగతి ఆలోచించండి. పాలమూరు నుంచి ముంబయి వెళ్ళే కూలీలు, ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చేవాళ్ళు, వాళ్ళ పిల్లల పదహారో నెల ఏ ఊళ్ళో వస్తుందో ఎవరికి తెలుసు?

ఊళ్ళోనే ఉన్నా తేలిక కాదు. మా ఇంట్లో పనిచేసే ఆమె కోడలు ఒక బుధవారం కూలి మానుకుని బిడ్డను తీసుకెళ్ళింది. "ఒక్క పిల్ల కోసం సీసా విప్పలేమమ్మా, వచ్చే బుధవారం రా" అన్నారట. ఎంఆర్ సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది, పొడిలో ద్రావణం కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారెయ్యాలి. వృథా ఎందుకు చేశావని పైవాళ్ళు అడుగుతారని కింద ఉద్యోగి భయం. ఒక్క బిడ్డ వచ్చినా సీసా విప్పాలన్నదే నిబంధన, కానీ ఆ భయం ముందు నిబంధన నిలవదు. నాకు ఆ ఏఎన్ఎం మీద కోపం లేదు. వృథా అయిన మందుకు లెక్క అడిగి, వెనక్కి పంపిన బిడ్డకు లెక్క అడగని పద్ధతి మీదే కోపం. ఆ కోడలు తర్వాతి బుధవారం వెళ్ళలేదు. మరో రోజు కూలి పోగొట్టుకోమని నేనెలా చెప్పను? చివరికి నెలన్నర తర్వాత ఒక శనివారం ఆశా కార్యకర్త వచ్చి తీసుకెళ్ళింది.

ఆ ఒక్క పూట తప్పితే పోయేది తట్టు టీకా మాత్రమే కాదు. విటమిన్ ఏ రెండో డోసు, డీపీటీ, పోలియో బూస్టర్లు కూడా అదే వయసులో, అదే పూట.

పట్టించుకోకపోతే ఏమవుతుందో 2022 చివర్లో ముంబయి చూపించింది. గోవండీ లాంటి మురికివాడల్లో తట్టు పాకి పదిమందికి పైగా పిల్లలు పోయారు. కోవిడ్ రెండేళ్ళలో టీకాలు తప్పినవాళ్ళు, కిక్కిరిసిన గదులు, తిండి చాలని పిల్లలు. ఇంకా దూరంగా, పసిఫిక్‌లో సమోవా దేశంలో 2018లో ఇద్దరు పసివాళ్ళు టీకా వేసిన వెంటనే చనిపోయారు. నర్సులు పొడిలో నీళ్ళకు బదులు వేరే మందు కలిపారు, టీకా తప్పు కాదు. అయినా ప్రభుత్వం నెలల తరబడి టీకాలు ఆపింది, తల్లులు భయపడ్డారు. మరుసటి ఏడాది తట్టు వచ్చి, రెండు లక్షల జనాభాలో 83 మంది పోయారు, ఎక్కువమంది అయిదేళ్ళలోపు వాళ్ళు. డిసెంబరులో దేశాన్నంతా రెండు రోజులు ఇళ్ళలో ఉండమని, టీకా పడనివాళ్ళున్న ఇంటి ముందు ఎర్రగుడ్డ కట్టమని చెప్పి, నర్సులు గడపగడపకూ తిరిగారు. మన వేపమండ జబ్బు వచ్చిన ఇంటిని చూపిస్తుంది. వాళ్ళ ఎర్రగుడ్డ జబ్బు రాకముందే ఇంటిని చూపించింది.

తట్టు టీకా వల్ల ఆటిజం వస్తుందన్న మాట ఒక్క ముక్కలో ముగిస్తాను, ఎందుకంటే దానికి అంతకంటే విలువ లేదు. 1998లో పన్నెండుమంది పిల్లలతో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ రాసిన పత్రాన్ని లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది, అతని డాక్టరు గుర్తింపు కూడా పోయింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 2019లో మళ్ళీ తేల్చారు, సంబంధం లేదని.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఒక మాట. అన్నప్రాశనకో, తిరుమలలో తలనీలాలకో ఏడాది నిండని బిడ్డతో ఇండియా వస్తుంటే, ఆరు నుంచి పదకొండు నెలల మధ్య ఒక ముందస్తు డోసు వేయించుకోమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. అది లెక్కలోకి రాదు, ఏడాది నిండాక మళ్ళీ రెండూ వేయించాలి. బంధువుల ఇంట్లో ఎవరికైనా తట్టు వచ్చిందని తెలిస్తే, టీకా పడని బిడ్డకు 72 గంటల్లోపు వేస్తే జబ్బు ఆగే అవకాశం ఉంది. ఆరు నెలలు నిండని పసివాళ్ళకు, గర్భిణులకు ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వాలో లేదో డాక్టరు చెప్పాలి. గర్భిణులకు ఈ టీకా వేయరు.

దేశం నుంచి తట్టును, రుబెల్లాను 2026 కల్లా పంపించేయాలని కేంద్రం గడువు పెట్టుకుంది. ప్రచార రథాలు, గోడల మీద బొమ్మలు ఉంటే ఉండనివ్వండి. నాకు కావాల్సినవి అంతకంటే చిన్నవి. ఒక్క బిడ్డకైనా సీసా విప్పే ఉద్యోగిని ఎవరూ సంజాయిషీ అడగకూడదు. మిర్చి చేల దగ్గర, బట్టీల దగ్గర పని లేని రోజు చూసుకుని టీకాల శిబిరం పెట్టాలి. ఏ ఊళ్ళో కార్డు రాసినా, కార్డు పోయినా, ఎదురుగా ఉన్న బిడ్డకు వేసి పంపాలి. ఇప్పుడు కేంద్రం ఆన్‌లైన్ టీకాల పట్టిక యూ-విన్‌లో నమోదు ఉంది కాబట్టి ఊరు మారిందన్న సాకు చెల్లదు.

ఇంకొకటి బడులది. మా అబ్బాయిని నర్సరీలో చేర్చినప్పుడు ఆధార్ అడిగారు, పుట్టిన సర్టిఫికెట్ అడిగారు, ఫోటోలు, రెండు టర్ముల ఫీజు అడిగారు. టీకాల కార్డు ఎవరూ అడగలేదు. అంగన్‌వాడీలోనో ప్లేస్కూల్‌లోనో మూడేళ్ళ వయసులో చేరేటప్పుడు కార్డు తెరిచి ఎంఆర్ రెండో గడి ఖాళీగా ఉందేమో చూడటానికి ఒక నిమిషం పడుతుంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో తప్పిపోయిన ఎంఆర్ డోసును అయిదేళ్ళు నిండేదాకా ఉచితంగా వేస్తారు. రెండూ పడకపోతే నెల తేడాతో రెండూ వేస్తారు. మూడేళ్ళప్పుడు ఎవరైనా ఆ గడి చూస్తే, ఇంకా రెండేళ్ళ వ్యవధి చేతిలో ఉంటుంది.